సోటో ఒప్పందం గురించి

సంపాదకులకు,

2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు జువాన్ సోటోతో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్న వార్తను న్యూజెర్సీ నుంచి మా అబ్బాయి ఫోనులో సంబరంగా చెప్పాడు. 2025 సీజనులో సోటో 43 హోమ్‌రన్లు (మన క్రికెట్ సిక్సర్లలాంటివి) కొట్టినా జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. దానికి అతణ్ని తప్పుపట్టలేం. నా దృష్టిలో పిచ్చర్లే, అంటే బంతి విసిరేవాళ్లే, చాలలేదు.

ఐపీఎల్ వేలానికి భిన్నంగా అక్కడ ఖర్చుకు కచ్చితమైన పరిమితి లేదు, హద్దు దాటితే పన్ను కడతారంతే, కనుక డబ్బున్న యజమాని తారను తీసుకోవడం సబబే. నా అభ్యంతరమల్లా, 26 ఏళ్ల ఆటగాడికి నలభై దాటేదాకా జీతం రాసివ్వడం మీదే. మా యార్డులో మిర్చి రంగు ఎంత మెరిసినా, కొనేవాడు బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి తేమ చూస్తాడు. రాబోయే పదేళ్ల పంటకు మాత్రం ఈరోజే ధర కట్టడు.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు