క్రీడాశాఖ మంత్రి గారికి: కాకినాడ పిల్లలకు తెరచాప పడవలు ఇప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ క్రీడాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2024 ఒలింపిక్స్ సెయిలింగ్‌లో, అంటే తెరచాప పడవల పోటీలో, ఫ్రాన్స్‌లోని మార్సెయ్ తీరాన, నేత్ర కుమనన్ 21వ స్థానంలో నిలిచింది. పతకం రాలేదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంతకుముందు టోక్యోలో ఆమెది 35వ స్థానం. మూడేళ్లలో 14 స్థానాలు ఎగబాకడం ఈ ఆట తెలిసినవాళ్లకు చిన్న సంగతి కాదు.

నేత్ర చెన్నై అమ్మాయి. 2009లో తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ వేసవి శిబిరంలో చేరేటప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. 2020 జనవరిలో మయామీలో కాంస్యం గెలిచి, సెయిలింగ్ ప్రపంచ కప్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. మరుసటి ఏడు ఒమన్‌లో ఒలింపిక్ బెర్తు సాధించింది. మన దేశం నుంచి సెయిలింగ్‌లో అర్హత పొందిన మొదటి మహిళ ఆమే. మయామీ పతకానికి ముందు పదేళ్లకు పైగా సాధన ఉంది. అందులో కనరీ దీవుల్లో హంగేరీ కోచ్ దగ్గర నేర్చుకున్న కాలమూ ఉంది. ఆ ఖర్చు ఎన్ని ఇళ్లు భరించగలవో మీకు చెప్పనక్కర్లేదు.

ఆమె పోటీపడే ఐఎల్‌సీఏ 6 అనే ఒంటరి పడవ విభాగంలో అందరికీ ఒకే రకం పడవ, ఒకే కొలత తెరచాప. మోటారు ఉండదు, సాయానికి రెండో మనిషీ ఉండడు. గాలికి ఎదురుగా సూటిగా వెళ్లడం కుదరదు, అటూ ఇటూ ఏటవాలుగా మళ్లిస్తూ ముందుకు సాగాలి. ఎప్పుడు మళ్లించాలో నీటి మీది ముడతలు చూసి పసిగట్టాలి. గాలి పెరిగిందా, పడవ ఒరిగిపోకుండా పాదాలు పట్టీ కింద దూర్చి ఒళ్లంతా బయటికి వాల్చాలి, తొడలు మండిపోతాయి. మొదట వచ్చినవారికి ఒక పాయింటు, పదో స్థానానికి పది. చివరికి తక్కువ పాయింట్లున్నవారే విజేత. ఒక రేసులో మెరిసి మరోదాంట్లో మునిగితే లాభం లేదు. చిన్నప్పటి నుంచి నీళ్ల మీద ఉంటేనే వంటబట్టే విద్య ఇది.

సముద్రమే లేని మధ్యప్రదేశ్ ఈ విషయం గ్రహించింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పదిహేడేళ్ల నేహా ఠాకూర్, అదే పడవకు చిన్న తెరచాప కట్టే ఐఎల్‌సీఏ 4లో రజతం తెచ్చింది. రైతు బిడ్డ, భోపాల్ చెరువులో నేర్చుకుంది. అదే క్రీడలకు హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో తయారైన ప్రీతి కొంగర కూడా వెళ్లింది. (హుస్సేన్ సాగర్ వాసన సంగతి ఎలా ఉన్నా, అక్కడి పడవల దగ్గర సర్కారు బడి పిల్లలు కనబడతారు.) మరి ఇంత తీరం ఉన్న మనం?

విశాఖ అంటారేమో. ఆర్కే బీచ్‌లో కెరటాల దెబ్బకు చిన్న పడవ ఒడ్డు దాటడమే కష్టం. కాకినాడ చూడండి. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంతో లోపలి నీళ్లకు పెద్ద కెరటాల బాధ తక్కువ. పైగా ఇక్కడి మత్స్యకారుల పిల్లలకు గాలివాటం గురించి ఎవరో పాఠం చెప్పనక్కర్లేదు, ఇంట్లోనే వింటూ పెరుగుతారు.

అడిగేది స్టేడియం కాదు. పదిహేనేళ్లలోపు పిల్లల కోసం చేసిన ఆప్టిమిస్ట్ పడవలు పది, లైఫ్ జాకెట్లు, ఏడాది పొడుగునా జీతమిచ్చే కోచ్, వెంట తిరిగే మోటారు పడవ ఒకటి. ఆ మోటారు పడవ లేకుండా మాత్రం దయచేసి మొదలుపెట్టకండి, తుఫాను తీరం మనది. పతకం వచ్చాక సన్మానసభలో ప్రకటించే డబ్బులో కొంత ముందుగా ఇటు మళ్లిస్తే చాలు.

దీనికి పోర్టు, మత్స్యశాఖ, పర్యాటక శాఖల అనుమతులు కావాలి. ఆ మూడు ఆఫీసులనూ ఒకచోట కూర్చోబెట్టడం మావల్ల కాదు, మీవల్ల అవుతుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపే ఆ సమావేశం పెట్టించండి.

ఇట్లు,
కాకినాడ వాసి, సెయిలింగ్ అభిమాని