పిల్లలకు నేర్పమన్న మాట ఏమైంది?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రిక లేఖల శీర్షికలో వీధికుక్కల మీద వరసగా మూడు ఉత్తరాలు వచ్చాయి, మూడూ చదివాను. అందులో ఒకాయన మనవడిని కుక్క కరిచిందట. ఆయన కోపం నాకు అర్థమైంది, ఆయనతో వాదించడానికి ఇది రాయడం లేదు. మా ఇంట్లో ఒక కుక్క ఉంది, నా తరగతిలో కుక్క కరిచిన పిల్లవాడూ ఉన్నాడు. రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి ఆ మూడు ఉత్తరాల్లో ఎవరూ అడగని సంగతి ఒకటి అడగాలనిపించింది. కుక్కల దగ్గర ఎలా మెలగాలో, కరిస్తే ఏం చేయాలో బడిపిల్లలకు నేర్పమని సుప్రీంకోర్టు చెప్పిన మాట ఏమైందని.

నేనూ మా ఆయనా ఇద్దరం టీచర్లం. పెళ్ళై మూడేళ్ళు, బెంగళూరు రామమూర్తి నగర్‌లో అద్దెకు ఉంటున్నాం. ఆయన ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తారు, నేను వేరే బడిలో ఐదు నుంచి ఏడు తరగతులకు సైన్సు చెప్తాను. పొద్దున ఐదున్నరకు లేవడం, రెండు క్యారియర్లు కట్టుకోవడం, ఏడున్నరకు ఎవరి దారిన వాళ్ళు ట్రాఫిక్‌లో పడడం, సాయంత్రం వచ్చాక నోట్సులు దిద్దుకోవడం, మా రోజు ఇంతే. ఇద్దరికీ కలిసి దొరికే సెలవు ఆదివారం ఒక్కటే. దాన్ని మాల్‌లో గడపొద్దని పెళ్ళైన కొత్తలోనే అనుకున్నాం. సావనదుర్గ బండ మీద ఎండెక్కక ముందే ఎక్కి దిగాం, శివగంగకు వెళ్ళాం, పెనుకొండ కోట చూశాం, ఒక దసరా సెలవుల్లో గండికోట వెళ్ళి పెన్నా లోయ అంచున కూర్చుని తెల్లవారడం చూశాం. జీతాలు చిన్నవే, కానీ కొండ ఎక్కడానికి పెద్దగా ఖర్చుండదు.

2025 సంక్రాంతికి మదనపల్లె దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళి తిరిగొచ్చిన రాత్రి, మా సందు మొదట్లో ఆగి ఉన్న ఆటో కింద ఒక కుక్కపిల్ల వణుకుతూ కనిపించింది. తల్లిని పొద్దునే లారీ కొట్టేసిందని టీ కొట్టు అతను చెప్పాడు. ఆ రాత్రికి పాలు పోద్దామని ఇంటికి తెచ్చాం, ఇక దింపలేదు. సంచిలో ఊరి నుంచి తెచ్చిన అరిసెలు ఉన్నాయి, దాని ఒళ్ళు సరిగ్గా ఆ రంగు. అందుకే అరిసె అని పేరు పెట్టాం.

పిల్లను తేవడం తేలిక, నిలబెట్టుకోవడానికే ఒళ్ళు వంచాలి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు టీకా కొన్ని వారాల తేడాతో మళ్ళీ మళ్ళీ వేయించాలన్నారు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటేటా అదే. ఎండాకాలంలో గోమార్లు పట్టి జ్వరం వచ్చింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు, మా ఇద్దరికీ ఒకటే టెన్షన్. అప్పట్నుంచి ప్రతి షికారు తర్వాత చెవుల్లో, కాలివేళ్ళ సందుల్లో వెతకడం అలవాటైంది. పాత ఇంటి ఓనరు కుక్క కుదరదన్నారు, అందువల్ల ఇల్లు మారాం. ఈ కొత్త ఇంట్లో కింద ఉండే అజ్జి, అంటే అవ్వ, కన్నడావిడ, మేం బడికి వెళ్ళాక అరిసెను ఆవిడే చూసుకుంటుంది. కన్నడంలో 'బా' అని పిలిస్తే అజ్జి దగ్గరికి, 'రా' అంటే మా దగ్గరికి వస్తుంది. పెరుగన్నం మాత్రం ఎవరు పెట్టినా తింటుంది.

ఇప్పుడు నా తరగతి పిల్లవాడి సంగతి. పోయిన ఏడాది జూలైలో, ఒక బుధవారం. ఆరో తరగతి. రోజూ ముందు బెంచీలో కాళ్ళు ఊపుతూ కూర్చునేవాడు ఆ రోజు ఒక కాలు చాపి అలాగే పెట్టుకున్నాడు, ప్రేయర్‌లోనూ ఒంటి కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. పిలిచి ప్యాంటు పైకి లాగి చూస్తే పిక్క మీద మూడు పంటి గాట్లు, చుట్టూ నల్లగా ఏదో అంటుకుని ఉంది. కాఫీ పొడి. శనివారం సాయంత్రం కోడి మాంసం కొట్టు దగ్గర కుక్క కరిచిందట, రక్తం కారుతుంటే స్నేహితుడు కాఫీ పొడి అద్దాడట. ఇంట్లో చెప్తే అమ్మ కొడుతుందని, ఆసుపత్రికి తీసుకెళ్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారని నాలుగు రోజులు దాచిపెట్టాడు. నాలుగు రోజులు! సైన్సు టీచర్‌ని నేను, రోజూ వాడి ఎదురుగా నిలబడి పాఠం చెప్తున్నాను.

వాళ్ళమ్మ గార్మెంట్స్‌లో పని చేస్తుంది, నాన్న మేస్త్రీ, అనంతపురం వైపు నుంచి వచ్చారు. ఫోన్ చేయగానే ఆమె పని మధ్యలో వదిలి వచ్చింది. ముగ్గురం కలిసి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాం. ఆలస్యమైనా సరే టీకా మొదలుపెట్టాల్సిందే అన్నారు అక్కడి డాక్టరమ్మ. రక్తం వచ్చిన కాటు కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే టీకా పనిచేయడం మొదలుపెట్టేలోపు వైరస్‌ను అడ్డుకునే మందు, ఇచ్చారు. టీకా రెండు చేతులకూ, చర్మంలోకి చిన్న సూదితో. ఆ రోజు ఒకసారి, మూడో రోజు, ఏడో రోజు, మళ్ళీ 28వ రోజు. అంతే. బొడ్డు చుట్టూ పొడిచే ఆ పాత మందు తయారీ మన దేశంలో ఆగిపోయి 20 ఏళ్ళు దాటింది, దాని భయం మాత్రం పిల్లల దాకా దిగింది. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు ఉండదు, లక్షణాలు రాకముందే, ఆలస్యం చేయకుండా టీకా పడితే ఆ చావు దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. ఈ రెండు మాటలూ తెలియక ఒక పదకొండేళ్ళ పిల్లవాడు నాలుగు రాత్రులు ఒక్కడే భయపడుతూ పడుకున్నాడంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

పిల్లవాడు బాగున్నాడు. కరిచిన కుక్కను మాంసం కొట్టు అతను గుర్తుపట్టి చూపించాడు, దాని చెవి కొస కత్తిరించి ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి రేబిస్ టీకా వేసిన వీధికుక్కకు అలా గుర్తు పెడతారు. అయినా ఆ టీకా ఎప్పుడు వేశారో ఎవరికీ తెలియదు కాబట్టి పిల్లవాడికి మధ్యలో ఆపకుండా అన్ని సూదులూ వేయించాం. కరిచిన నాటి నుంచి పది రోజులు కుక్క ఆరోగ్యంగా బతికి ఉంటే కరిచినప్పుడు దానికి రేబిస్ లేదని లెక్క. ఆ మిగిలిన రోజులూ వాళ్ళమ్మ డ్యూటీకి వెళ్తూ కొట్టు దగ్గర ఆగి కుక్కను చూసి, ఉందని నాకు ఫోన్ చేసేది.

ఆ నెలలోనే ఇంకొక పాఠం దొరికింది, అదీ ఒక గొర్రెల కాపరి దగ్గర. ఆదివారం అరిసెను పాత కారులో వేసుకుని చింతామణి మీదుగా ఊరికి వెళ్ళాం. (రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో క్యాబినో కూపేనో మొత్తం మాకే బుక్ చేసుకోవాలి, లేదంటే దాన్ని గార్డు పెట్టెలో వేయాలి. మొదటిది మా జీతాలకు అందదు, రెండోది మాకు మనసొప్పదు.) ఊరి వెనక గుట్ట వైపు నడుస్తుంటే మంద కాపలా కుక్కలు మూడు, మొరుగుతూ మా మీదికి వచ్చాయి. నేను అరిసె బెల్టు పట్టుకుని వెనక్కి ఉరకబోయాను. దూరం నుంచే ఆ పెద్దాయన కేక పెట్టాడు, 'ఉరకొద్దు తల్లీ, నిలబడు! ఉరికినోడే దానికి దొంగ!' నిలబడ్డాను. ఒళ్ళంతా చెమట. అవి నాలుగడుగుల దూరంలో ఆగి, మొరిగి, వాసన చూసి, ఆయన ఈల వేయగానే వెళ్ళిపోయాయి. తర్వాత మాతో పాటు నీడలో కూర్చుని ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. దాని కళ్ళలోకి చూడొద్దు, చేతులు ఊపొద్దు, రాయి కోసం వంగొద్దు, వీపు తిప్పకుండా మెల్లగా పక్కకు జరగాలి. ఈనిన కుక్క దగ్గరికి, తింటున్న కుక్క దగ్గరికి, నిద్రపోతున్న కుక్క దగ్గరికి పోనే పోవద్దు. నేను బీఈడీ చేశాను, నాకు ఇది ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

తిరిగొచ్చాక హెచ్ఎం గారి అనుమతితో ఒక పిరియడ్ అడిగి తీసుకున్నాను. పిల్లలకు రెండే మాటలు నేర్పాను, చెట్టు, బండ. కుక్క మీదికి వస్తే చెట్టులా కదలకుండా నిలబడాలి, చేతులు ఒంటికి ఆనించి, చూపు నేల మీద. కింద పడిపోతే బండలా ముడుచుకోవాలి, మోకాళ్ళు పొట్టలోకి, రెండు చేతులతో మెడా చెవులూ కప్పుకుని. ఆ తర్వాత గాయం కడగడం. సబ్బుతో, ధార పడుతున్న నీళ్ళ కింద 15 నిమిషాలు. 15 నిమిషాలంటే ఎంతో చూడండని కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి గడియారం పెట్టాం, ఐదో నిమిషానికే 'అయిపోయిందా మిస్?' అని అడగడం మొదలుపెట్టారు. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన ఊరు ఇది కాబట్టి ధార సన్నగా పెట్టి, కింద బకెట్లు పెట్టి, ఆ నీళ్ళు మొక్కలకు పోశాం. కాఫీ పొడి, కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టొద్దని, కట్టు కట్టొద్దని, అదే రోజు ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలని చెప్పాను. చెప్తే ఎవరూ కొట్టరని కూడా చెప్పాను. ఆ మాట నిలబడాలని తల్లిదండ్రుల మీటింగులో పెద్దవాళ్ళకూ విడిగా చెప్పాను.

ఇక నేను అడగాలనుకున్నది. సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఒక ఆదేశం ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి వీధికుక్కల్ని తీసుకెళ్ళి, ఆపరేషన్ చేసి, టీకా వేసి షెల్టర్లలో ఉంచాలని, మళ్ళీ అక్కడే వదలొద్దని. దీని మీద ఎంత చర్చ జరిగిందో మీకు తెలుసు. అదే ఆదేశంలో ఇంకో మాట కూడా ఉంది. జంతువుల దగ్గర ఎలా మెలగాలో, కరిస్తే వెంటనే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో విద్యార్థులకూ సిబ్బందికీ విద్యాసంస్థలు అవగాహన కల్పించాలని. కుక్కల్ని తీసుకెళ్ళమన్న మాట అందరికీ గుర్తుంది. పిల్లలకు నేర్పమన్న ఈ మాట మా స్టాఫ్ రూమ్‌లో ఎవరికీ తెలియదు, ఊళ్ళో బడుల్లో పనిచేసే మా బంధువుల్ని అడిగినా మొదటిసారి వింటున్నామన్నారు. గేటు ఎంత గట్టిగా మూసినా పిల్లవాడు ఇంటికి నడిచి వెళ్ళేది వీధిలోనే కదా. మా వాణ్ని కుక్క కరిచింది బడిలో కాదు, కోడి మాంసం కొట్టు దగ్గర.

కుక్కలున్న మా లాంటివాళ్ళకూ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఎదుటివాళ్ళకు మాత్రమే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. అరిసె వచ్చాక మేం కొండలకు వెళ్ళడం మానలేదు, కానీ దాన్ని తీసుకెళ్ళే చోట్లు మార్చుకున్నాం. అభయారణ్యం హద్దు దగ్గరికి దాన్ని తీసుకెళ్ళం. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అడవి జంతువులకూ సోకుతుంది, 2018లో గిర్ అడవిలో సింహాల ప్రాణాలు తీసినది ఆ వైరస్సే. హెసరఘట్ట గడ్డిమైదానంలో పిట్టలు నేల మీదే గూడు కడతాయి, అక్కడ కుక్కను వదిలేసి ఫోటోలు తీసుకునే జంటల్ని చూస్తే బాధేస్తుంది. దాన్ని స్వేచ్ఛగా పరిగెత్తనివ్వాలంటే మా మామగారి కోత అయిపోయిన టమాటా చేను ఉంది, సెలవులకు అక్కడే వదులుతాం. సందులో మాత్రం ఎప్పుడూ బెల్టుతోనే. లిఫ్టు దగ్గర ఎవరైనా భయపడితే మేమే ఆగి వాళ్ళను ముందు వెళ్ళమంటాం, భయపడే మనిషికి 'ఏం చేయదులెండి' అని చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. కుక్క కరిచిన వార్త వేసిన ప్రతిసారీ ఆ వార్త పక్కనే చిన్న పెట్టెలో సబ్బు, 15 నిమిషాలు, అదే రోజు టీకా అని వేయండి. నవంబరు ఆదేశంలోని ఆ భాగం మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖల్ని, ఇక్కడ కర్ణాటక విద్యాశాఖను మీ విలేకరుల చేత అడిగించండి, ఎన్ని బడుల్లో చేశారని. మేం అడిగితే జవాబు రాదు, మీరు అడిగితే వస్తుంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితం జత చేస్తున్నాను. చెట్టు, బండ, గాయం కడిగే పద్ధతి, నాలుగు సూదుల రోజులు, అన్నీ ఒకే పేజీలో. తెలుగు నేను రాశాను, కన్నడం అజ్జి మనవరాలు రాసింది, లెక్క సరిచూసింది మా ఆయన. చోటుంటే అచ్చు వేయండి, ఏ టీచరైనా జిరాక్స్ తీసుకుని గోడకు అంటించుకోవచ్చు, మా పేర్లు అక్కర్లేదు. ఆ కాగితం పైనున్న కుక్క బొమ్మ ఆ ఆరో తరగతి పిల్లవాడు గీశాడు. చెవి కొస కత్తిరించి ఉన్నట్టు గీశాడు, అచ్చులో అది సరిగ్గా పడేలా చూడండి.

ఇట్లు,
ఒక సైన్సు టీచర్,
రామమూర్తి నగర్, బెంగళూరు