తెప్ప మీద చోటిచ్చిన అన్నకు

నల్లగొండ నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ గురించే మాట్లాడతారు. నాచు గురించి అడిగి తెలుసుకున్నది మీరొక్కరే అన్నా. పీహెచ్‌డీ చేసే రోజుల్లో మా చెరువులో నన్ను మీ తెప్ప మీద ఎక్కించుకున్నారు. పేరడిగితే "పేరెందుకు మేడం, పని కానియ్యండి" అన్నారు.

ఒడ్డున సీసా ముంచితే ఒడ్డు నాచే వస్తుంది. నడి చెరువులో తేలే శైవలాల కోసం సన్నటి వల నెమ్మదిగా లాగాలి. నేను లాగుతుంటే తెప్ప ఊగకుండా మీరు తెడ్డు వేసేవారు. సీసాలో అయోడిన్ ద్రావణం చుక్కలు పడి నీళ్లు డికాక్షన్ రంగుకు తిరిగితే "ఇగ ఇది తాగరాదు" అని నవ్వేవారు.

ఎండాకాలం ఏ మూల నీళ్లు పచ్చబడతాయో చూపించిందీ మీరే. మైక్రోస్కోప్ కింద అక్కడ కనిపించినవి మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు గుంపులు. మురుగు, ఎరువుల నుంచి భాస్వరం, నత్రజని ఎక్కువైన నీళ్లలో అవి బాగా పెరుగుతాయి. వాటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషం కూడా తయారుచేస్తాయి. డయాటంలనే కంటికి కనిపించని నాచు కణాల సిలికా గోడల మీది గీతలు ఎంత ముచ్చటగా ఉన్నా, నా థీసిస్‌లో గట్టి అధ్యాయం ఆ మూలదే.

తర్వాత ఉద్యోగం, పేపర్లు, స్టూడెంట్లు అన్నీ వచ్చాయి. అప్పుడు పైసలిస్తే మీరు తీసుకోలేదు, చాయ్ మాత్రం తాగారు. ఇది మీదాకా చేరితే, చాలా థాంక్స్ అన్నా.