వెదురు బట్ట అంటున్నారు, రేయాన్ అని కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో వెదురు దుస్తుల మీద వచ్చిన వ్యాసం చదివాను. వెదురు కుర్తీలు, నైటీలు, లోదుస్తులు వేసుకుంటే భూమికి మేలు చేసినట్టేనని రాశారు. నేను హన్మకొండలో ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. ఆ వ్యాసం వదిలేసిన సంగతి ఒకటుంది. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

ఈ మధ్య ఏడో నెల గర్భిణి ఒకామె ఆన్‌లైన్లో తెప్పించిన బట్ట పట్టుకుని వచ్చింది. మీటరు 480 రూపాయలట. "అక్కా, ఇది వెదురు బట్ట. క్రిములు చేరవట, పర్యావరణానికి కూడా మంచిదట. రెండు నైటీలు కుట్టు" అంది. చేత్తో పట్టుకోగానే అనుమానం వచ్చింది. ఆ జారుడు, ఆ బరువు, మడత విప్పితే నీళ్లలా కిందికి వాలడం నాకు కొత్త కాదు. అంచు నుంచి ఒక పోగు లాగి, మధ్యలో తడి చేసి, రెండు చేతులా గుంజాను. సరిగ్గా తడిసిన చోటే పుటుక్కున తెగింది. పత్తి నూలు తడిస్తే గట్టిపడుతుంది, కర్ర గుజ్జు నుంచి తీసే రేయాన్ తడిస్తే బలం పోతుంది. నా దగ్గర మీటరు 140కి కొన్న మామూలు రేయాన్ తాను ఉంది. దాని పోగు కూడా అలాగే తెంపి చూపించాను. ఆమె ముఖం చిన్నబోయింది. భూమికి మంచిదనే కదా పాపం మూడింతలు పెట్టి కొనుక్కుంది!

మా వైపు వాళ్లకు కర్ర నుంచి బట్ట రావడం వింతేమీ కాదు. మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు మిల్లు 2014 వరకు నడిచింది. కానీ గుజ్జు పోగుగా ఎలా మారుతుందో నేనూ ఎన్నడూ ఆలోచించలేదు. ఆ రోజు రాత్రి, డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్న మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని తెలుసుకున్నాను. వెదురును ఉడికించి గుజ్జు చేస్తారు. దాన్ని కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్ కలిపి, తేనెలా చిక్కటి ద్రవం చేస్తారు. ఆ ద్రవాన్ని సన్నటి రంధ్రాల్లోంచి సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలోకి వదిలితే పోగులవుతాయి. అదే రేయాన్. యూకలిప్టస్ గుజ్జయినా వెదురు గుజ్జయినా దారి ఒకటే, చివరికి వచ్చే పోగూ ఒకటే. ఇక వెదురులో క్రిములను చంపే గుణం ఉందంటారే, ఇన్ని రసాయనాల్లో మునిగి తేలాక అది మిగలదు.

కార్బన్ డైసల్ఫైడ్ గాలిలో కలిసే విషం. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు నరాలు, గుండె దెబ్బతింటాయి, మతి చెడుతుంది. దక్షిణ కొరియాలో వోంజిన్ రేయాన్ అనే ఫ్యాక్టరీలో వందలమంది కార్మికులు దీని బారిన పడ్డారు. 1993లో దాన్ని మూసేశాక, ఆ పాత యంత్రాలనే చైనాకు అమ్మారు. మన పక్కన కేరళలో మావూర్ సంగతి చూడండి. అక్కడ ఫ్యాక్టరీ నడిపిన గ్వాలియర్ రేయాన్స్‌కు అక్కడి ప్రభుత్వం అడవి వెదురును టన్ను ఒక్క రూపాయికి ఇచ్చింది. ఫ్యాక్టరీ వదిలిన మురుగుతో చాలియార్ నది పాడైంది, జనం ఏళ్ల తరబడి పోరాడారు, 2001లో ఫ్యాక్టరీ మూతపడింది. టన్ను రూపాయి అని చదివినప్పుడు నాకు మా వాడకట్టు మేదరోళ్లే గుర్తొచ్చారు. గంపలు, చాటలు అల్లేందుకు ఒక్కో బొంగు ఎంత పెట్టి కొంటారో వాళ్లను అడగాలి.

వెదురును నేను తప్పుపట్టడం లేదు. నరికితే మళ్లీ మొలుస్తుంది, మట్టిని పట్టి ఉంచుతుంది, మందు కొట్టే పని లేదు. పత్తి గొప్పదనీ అనను. మా అమ్మానాన్న నర్సంపేట వైపు పత్తి రైతులు. మందు కొట్టి వచ్చిన రోజు మా నాన్న అన్నం ముందు కూర్చుని తినలేక లేచిపోవడం కళ్లారా చూశాను. నా బాధల్లా చెట్టు బొమ్మ చూపించి తొట్టిని దాచడం గురించే. వెదురుతోనే లయోసెల్ పద్ధతిలో చేసే బట్ట కూడా ఉంది. అందులో కార్బన్ డైసల్ఫైడ్ ఉండదు, వాడిన ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి పట్టి వాడతారు. అలా చేసినవాళ్లు దర్జాగా లయోసెల్ అనే రాసుకోవచ్చు. కొనేవాళ్లకూ తేడా తెలుస్తుంది.

అమెరికాలో కొనుగోలుదారులు మోసపోకుండా చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009 నుంచే ఈ మాట చెబుతోంది: వెదురు గుజ్జుతో చేసినా రేయాన్‌ను రేయాన్ అనే అమ్మాలి. 2022లో ఇదే విషయంలో వాల్‌మార్ట్, కోల్స్ అనే పెద్ద దుకాణ సంస్థలు కలిపి 55 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మన దేశంలోనూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. పర్యావరణహితం అని ప్రకటించుకునేవాళ్లు అందుకు ఆధారం చూపాలి. మరి ఆడవాళ్ల బట్టల ట్యాగుల మీద ఆకు బొమ్మ, "వెదురు" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ ఉండదెందుకు? ఏ పద్ధతిలో తీసిన పోగో అదే అక్షరాల్లో, అదే సైజులో రాయించాలి. ఆన్‌లైన్లో అమ్మేవాళ్లకూ ఇదే వర్తించాలి. అధికారులు ముందు గర్భిణుల దుస్తులు, పసిపిల్లల బట్టల మీద తనిఖీ మొదలుపెడితే మంచిది. ఎక్కువ ధర పెట్టి, నమ్మి కొంటున్నది వాళ్లే.

మీ పత్రికకూ ఒక మనవి. ఆ వ్యాసాన్ని నమ్మి కొనేవాళ్లు వేలల్లో ఉంటారు. అదే పేజీలో ఈ రెండో వైపు కూడా వేయండి. వ్యాసం రాసినవారు ఎప్పుడైనా హన్మకొండ వైపు వస్తే నా షాపుకు రమ్మని చెప్పండి. ఆ నైటీల్లో మిగిలిన ముక్క దాచి ఉంచాను. పోగు తడిపి వాళ్ల చేతికే ఇస్తాను.

— ఒక లేడీస్ టైలర్, హన్మకొండ