బంగారు బంతి ఇంటివారి అబ్బాయి గురించి: టర్కీ క్రీడల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన టర్కీ యువజన, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మీ దేశ పౌరుణ్ణి కాను. సికింద్రాబాద్‌లో పుట్టి, 11 ఏళ్లుగా జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. మీ భాష నాకు నాలుగు ముక్కలకు మించి రాదు. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే నాకు తెలుగే కావాలి కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. మా పక్కింట్లో మీ దేశస్థులొకరు ఉన్నారు, సిటీ బస్సు నడుపుతారు. నేను జర్మన్‌లో చదివి వినిపిస్తే, తాను టర్కిష్‌లో రాసి మీ కార్యాలయానికి పంపుతానని మాట ఇచ్చారు.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. విదేశాల్లో పుట్టిన టర్కీ పిల్లలను మీ జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఆడటానికి పిలుస్తోంది. ఆడే వయసు దాటాక, నేర్పడానికి కూడా వాళ్లను పిలవండి.

ఈ మాట అంటున్నప్పుడు నా కళ్ల ముందు ఉన్న మనిషి మీ మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు హలిల్ అల్తిన్‌తోప్. మీకు పరిచయం చేయనక్కరలేదు గానీ, మా తెలుగువాళ్లకు చెప్పాలి. టర్కిష్‌లో అల్తిన్ అంటే బంగారం, తోప్ అంటే బంతి. ఇంటిపేరే బంగారు బంతి! మీ దేశంలో అందరికీ ఇంటిపేర్లు ఉండాలని 1934లో చట్టం వచ్చిందని చదివాను. ఆ రోజుల్లో ఈ పేరు ఎంచుకున్న పెద్దమనిషికి, తన ఇంట్లో ఇద్దరు కవలలు పుట్టి బంతితోనే బతుకుతారని తెలిసే అవకాశం లేదు కదా.

ఆ కవలలు హలిల్, హమిత్. 1982 డిసెంబరు 8న జర్మనీలోని గెల్జెన్‌కిర్షెన్‌లో పుట్టారు. అది అప్పట్లో బొగ్గు గనుల ఊరు. 1961లో జర్మనీతో మీ దేశం కుదుర్చుకున్న కార్మిక ఒప్పందం తర్వాత ఎన్నో కుటుంబాలు అలాంటి ఊళ్లకే చేరాయి. మెసుత్ ఓజిల్, ఇల్కాయ్ గుందోగాన్ కూడా అదే ఊళ్లో పుట్టారు. వాళ్లిద్దరూ జర్మనీ చొక్కా వేసుకున్నారు. అల్తిన్‌తోప్ సోదరులు మీ ఎర్ర చొక్కా వేసుకున్నారు. హలిల్ మీ దేశం తరఫున 38 మ్యాచ్‌లు ఆడి 8 గోల్స్ చేశారు.

లెక్కలు చూస్తే ఆయన మహా నక్షత్రం కాదు. తమ్ముడూ అన్నా పోల్చుకుంటే హమిత్‌కే పేరెక్కువ వచ్చింది. రియల్ మాడ్రిడ్‌కు ఆడారు, కజకిస్థాన్‌పై కొట్టిన గోల్‌కు, ఏడాదిలో అతి అందమైన గోల్‌కిచ్చే ఫిఫా పుష్కాష్ అవార్డు అందుకున్నారు. హలిల్‌ది వేరే రకం బతుకు. వాటెన్‌షైడ్ క్లబ్బులో మొదలై కైజర్స్‌లౌటర్న్, షాల్క, ఫ్రాంక్‌ఫర్ట్, ట్రాబ్జోన్‌స్పోర్, ఆగ్స్‌బర్గ్, ప్రాగ్‌లో స్లావియా, చివరికి మళ్లీ కైజర్స్‌లౌటర్న్. జర్మనీ అగ్రశ్రేణి లీగ్‌లోనే మూడు వందలకు పైగా మ్యాచ్‌లు. గోల్ తానే కొట్టాలన్న యావ కంటే, పక్కవాడికి దారి చేసి పెట్టే గుణం ఎక్కువ ఉన్న ఫార్వర్డ్, అంటే ముందు వరుస ఆటగాడు.

అందులో ఒక్క ఏడాది గురించి మాత్రం ఆగి చెప్పాలి. 2005-06లో కైజర్స్‌లౌటర్న్ తరఫున ఆయన లీగ్‌లో 20 గోల్స్ చేశారు. ఆ సీజన్‌లో ఆయనకంటే ఎక్కువ కొట్టింది ఇద్దరే, మిరోస్లావ్ క్లోజ, దిమితార్ బెర్బతోవ్. అయినా ఆయన జట్టు కింది శ్రేణికి పడిపోయింది. ఒక స్ట్రైకర్ చేయగలిగిందంతా చేశాడు, జట్టు మాత్రం నిలవలేదు. పన్నెండేళ్ల తర్వాత, చివరి సీజన్ ఆడదామని అదే క్లబ్బుకు తిరిగి వస్తే, 2018లో ఆ క్లబ్బు చరిత్రలో మొదటిసారి మూడో శ్రేణికి దిగజారింది. ఈ రెండింటి మధ్య, 2017లో, ప్రాగ్‌లో లీగ్ టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నారు.

మంత్రి గారూ, పదిహేనేళ్ల కుర్రాడికి ఫుట్‌బాల్ నేర్పడానికి ఎలాంటి మనిషి కావాలో మీరే ఆలోచించండి. గెలుపు రుచి మాత్రమే తెలిసినవాడు చాలడు. ఇరవై గోల్స్ కొట్టి కూడా డ్రెస్సింగ్ రూములో తల పట్టుకుని కూర్చున్నవాడు కావాలి. అలాంటివాడు చెబితే పిల్లవాడికి ఓటమి భయం పోతుంది.

ఆ సంగతి మ్యూనిక్ గుర్తించింది. ఆట మానిన తర్వాత హలిల్ బయర్న్ క్లబ్బు పిల్లల విభాగంలో చేరారు. పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చారు, ఆ తర్వాత అక్కడి యువ జట్ల క్రీడా బాధ్యతలు కూడా చూశారు. మీరు పిలిచి జాతీయ చొక్కా తొడిగిన మనిషి, తన అనుభవమంతా మ్యూనిక్ పిల్లలకు ధారపోశారు. ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. ఇక్కడే పుట్టారు, ఇక్కడ పని దొరికింది, మనసుపెట్టి చేశారు. నా ప్రశ్న మీకు: మీ దగ్గరి నుంచి ఆయనకు ఎలాంటి పని కోసం పిలుపు వెళ్లి ఉండాల్సింది? హమిత్‌ను 2019లో మీ ఫుట్‌బాల్ సమాఖ్య బోర్డులోకి తీసుకున్నారు, సంతోషం. కానీ బోర్డు గదిలో కుర్చీ వేరు, గడ్డి మీద ఈల పట్టుకుని నిలబడటం వేరు.

అదెంత వేరో మా పేటలోని చిన్న మైదానంలో చూశాను. మా అబ్బాయికి 12 ఏళ్లు, ఫార్వర్డ్‌గా ఆడతాడు. వాళ్ల కోచ్ ట్రాబ్జోన్ దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలో వచ్చిన మీవాడే. ఇక్కడి చిన్న లీగుల్లో స్ట్రైకర్‌గా ఆడారు, ఇప్పుడు అరవై దాటాయి, కుడి మోకాలు సరిగా వంగదు. పిల్లలందరూ, జర్మన్లు, ఘనా వాళ్లు, మావాడు, ఆయన్ని ‘హోజా’ అని పిలుస్తారు. మావాడు మొదట్లో అది ఆయన పేరే అనుకున్నాడు. బడిలో పాఠం చెప్పేవారినీ, మైదానంలో ఆట నేర్పేవారినీ మీ భాషలో ఒకే మాటతో పిలుస్తారని తర్వాత తెలిసింది. మా తెలుగులో ‘మాస్టారు’ అన్నట్టే.

నవంబరు శనివారం, సన్నటి వాన. మావాడు గోల్‌కు వీపు పెట్టి బంతి అడుగుతున్నాడు, వచ్చిన ప్రతిసారీ పోగొట్టుకుంటున్నాడు. హోజా ఆట ఆపారు. అరవలేదు. కుంటుకుంటూ వచ్చి వాడి వెనక డిఫెండర్‌లా నిలబడి, వీపు మీద అరచెయ్యి ఆనించారు.

‘నా చెయ్యి ఎక్కడుంది?’

‘ఎడమ పక్క.’

‘అయితే ఖాళీ ఎక్కడుంది?’

మావాడు ఒక్క క్షణం ఆగి, ‘కుడి పక్క’ అన్నాడు.

‘నీ వీపే నీకు చెబుతోంది. బంతి రాకముందే విను.’

పదిసార్లు చేయించారు. చెయ్యి మారుస్తూ, బంతి వేయిస్తూ. మరుసటి వారం మ్యాచ్‌లో మావాడు తిరగాల్సిన వైపు తిరిగాడు. కొట్టిన బంతి బయటికే పోయింది గానీ, హోజా గీత బయట నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఏళ్ల తరబడి వీపు మీద డిఫెండర్ల చేతులు భరించినవాడికే ఈ పాఠం తెలుస్తుంది. పుస్తకం చదివి వచ్చిన కోచ్‌కు ఇది తట్టదు.

2023 నవంబరు 18న బెర్లిన్‌లో మీ జట్టు జర్మనీని 3-2తో ఓడించింది. ఆ రాత్రి మా పక్కింటాయన ఆనందంతో మెట్లన్నీ దిగి వీధిలోకి పరుగెత్తారు. మీ మూడు గోల్స్ ఎవరివో గుర్తుచేసుకోండి. ఫెర్ది కాదియోగ్లు నెదర్లాండ్స్‌లో పుట్టాడు, కెనాన్ యిల్దిజ్ జర్మనీలో, యూసుఫ్ సారి ఫ్రాన్స్‌లో. యిల్దిజ్ చిన్నప్పటి నుంచి పెరిగింది బయర్న్ క్లబ్బు పిల్లల విభాగంలోనే. మూడు గోల్స్‌లో ఒక్కటి కూడా మీ గడ్డ మీద పుట్టినవాడిది కాదు. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, ఆ పిల్లల ప్రేమ నిజమైనది. కానీ పక్క చేలో పండిన పంట మీద ఎన్నాళ్లు ఆధారపడతారు?

మీ నేల సారం లేనిది కాదు. అర్దా గులేర్ అంకారా పిల్లవాడు. చాలార్ సొయుంజు, జెంగిజ్ ఉందెర్ ఇజ్మీర్‌లోని అల్తినోర్దు క్లబ్బు పిల్లల జట్ల నుంచి పైకి వచ్చినవాళ్లు. శ్రద్ధ పెట్టిన చోట మొలకెత్తుతూనే ఉంది. మ్యూనిక్‌లో బయర్న్ వాళ్లు 2017లో పిల్లల కోసం 70 మిలియన్ యూరోలతో అంత పెద్ద ప్రాంగణం కట్టారు. 2025లో మీ ఇస్తాంబుల్ క్లబ్బు గలాటసరాయ్ ఒక్క స్ట్రైకర్ ఒసిమెన్ కోసం 75 మిలియన్లు ఇచ్చింది. క్లబ్బు డబ్బు క్లబ్బు ఇష్టం, నేను కాదనను. ఆటగాడూ గొప్పవాడే. అయినా ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

నేర్పేవాడు పోతే ఏమవుతుందో మా హైదరాబాద్‌కు తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడి పంతులు ఉండేవారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మాకు మళ్లీ స్వర్ణం రాలేదు. మా ఊళ్లో ఆటగాళ్లు లేక కాదు, అలాంటి మాస్టార్లను తయారుచేసుకోలేక.

ఫుట్‌బాల్ సమాఖ్య మీ కింద పనిచేసే శాఖ కాదని నాకు తెలుసు. కానీ 81 ప్రావిన్సుల్లోనూ మీ మంత్రిత్వ శాఖకు కార్యాలయాలు ఉన్నాయి. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో, ఫ్రాన్స్‌లో ఆడి విరమించిన మీవాళ్లను అక్కడికి పిల్లల కోచ్‌లుగా పిలవండి. ఒక సీజన్ కోసం కాదు, ఒక తరం పిల్లలు పదేళ్ల వయసు నుంచి పద్దెనిమిదికి చేరేదాకా. జీతం కుటుంబంతో గౌరవంగా బతికేలా ఉండాలి. పెద్ద జట్టు ఓడిపోయిందని పిల్లల మాస్టారి ఉద్యోగం ఊడకూడదు. మొదటి పిలుపు భూకంప ప్రాంతాలకు వెళ్లాలని నా కోరిక. 2023 ఫిబ్రవరి 6 తర్వాత హతాయ్, గాజియాన్‌తెప్, మలత్యా జట్లు ఆ సీజన్ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. అక్కడి పిల్లలకు స్టేడియం తర్వాత కట్టినా ఫరవాలేదు. వీపు మీద చెయ్యి వేసి ‘ఖాళీ ఎక్కడుంది’ అని అడిగే మనిషి ముందు కావాలి.

‘పిలిస్తే వెళ్తారా?’ అని మా హోజాను అడిగాను. జవాబు చెప్పకుండా తన కారు డిక్కీ తెరిచి చూపించారు. క్లబ్బులో పాతబడిన బంతులు, గాలి తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ప్రతి వేసవికీ బల్గేరియా మీదుగా కారు నడుపుకుంటూ తన పల్లెకు వెళ్తారట. అక్కడ నాలుగు వారాలు, సాయంత్రం పూట, బడి వెనక ఖాళీ స్థలంలో పిల్లలకు నేర్పుతారు. సెలవు అయిపోగానే తిరిగి వచ్చేస్తారు.

ఈ ఆగస్టులో కూడా ఆయన అక్కడే ఉంటారు. ట్రాబ్జోన్‌లోని మీ కార్యాలయం నుంచి ఎవరినైనా ఒక సాయంత్రం ఆ ఖాళీ స్థలానికి పంపండి. పల్లె పేరు మా పక్కింటాయన తన టర్కిష్ ప్రతిలో రాస్తున్నారు.

ఇట్లు,
మ్యూనిక్ నుంచి ఒక తెలుగు తండ్రి