ఎకరం చౌకే, నీళ్ళ సంగతి ఎవరు చెబుతారు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కొలరాడో రాష్ట్రం దక్షిణపు కొసన, న్యూ మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న కోస్టీయా కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఐదెకరాలు కొన్ని వేల డాలర్లకే దొరుకుతున్నాయన్న మాట ఇక్కడ అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో గట్టిగా తిరుగుతోంది. కోవిడ్ రోజుల్లో ఖాళీ అయిన దుకాణాలను, ఆ తర్వాత లేఆఫ్‌లను చూసినవాళ్ళు, రేపు ఏదైనా జరిగితే పిల్లల్ని తీసుకెళ్ళి ఎవరిమీదా ఆధారపడకుండా బతికే చోటు ఒకటి ఉండాలనుకోవడంలో తప్పు లేదు. సోలార్ కరెంటు, పెరట్లో కూరగాయలు, నాలుగు మేకలు, పది కోళ్ళు. ఆ కోరిక నాకూ ఉంది. ఆ కోరికతో డబ్బు కడుతున్నవాళ్ళ కోసమే ఈ లేఖ. నా దృష్టిలో ప్రకటనల్లో కనిపించే ఆ ఐదెకరాల ముక్కలు అలాంటి బతుక్కి పనికిరావు. కారణం నీళ్ళు.

మన వైపు పొలం కొన్నవాడు బోరు వేసుకుంటాడు, నీళ్ళు పడితే పడతాయి, లేకపోతే లేదు. కొలరాడోలో భూమి వేరు, నీటి హక్కు వేరు. ముందుగా వాడుకోవడం మొదలుపెట్టినవాడిదే ముందు హక్కు, తర్వాత వచ్చినవాళ్ళు వరసలో నిలబడాలి. కోస్టీయా ఉన్న సాన్ లూయిస్ లోయలో ఆ వరస ఎప్పుడో నిండిపోయింది. ఆ లోయ గుండా పారే రియో గ్రాండె నది నీళ్ళను న్యూ మెక్సికోకు, టెక్సస్‌కు వదిలిపెట్టాలని 1938లోనే ఒప్పందం ఉంది. లోయలో భూగర్భ జలాలు పడిపోవడంతో తరతరాల రైతులే తోడుకునే నీటికి రుసుములు కట్టుకుంటూ, కొంత పొలం బీడు పెడుతున్నారు. అలాంటి చోట 35 ఎకరాలకు తక్కువున్న ముక్కకు బోరు అనుమతి వస్తే సాధారణంగా అది ఇంటి లోపలి వాడకానికే. తాగొచ్చు, వండుకోవచ్చు, స్నానం చేయొచ్చు. ఆ నీళ్ళు టమాటా మొక్కకు పోయకూడదు, మేకకు పెట్టకూడదు. 35 ఎకరాలు దాటితే నిబంధనలు కొంత సడలుతాయి కానీ, చౌక ప్రకటనలన్నీ ఐదెకరాలవే కదా!

వాన నీళ్ళు పట్టుకుందామా అంటే, దానికీ లెక్క ఉంది. 2016 దాకా ఈ రాష్ట్రంలో చాలామందికి ఇంటి కప్పు మీద పడిన చుక్కను పట్టుకునే హక్కే లేదు. ఆ ఏడాది చట్టం మార్చి రెండు పీపాలు, మొత్తం 110 గ్యాలన్ల వరకు అనుమతించారు. అయినా పట్టుకోవడానికి పడాలి కదా. లోయ అడుగున ఏడాదికి పది అంగుళాలు కూడా పడదు. నేను పుట్టి పెరిగిన అనంతపురం జిల్లాను కరువు సీమ అంటారు, అక్కడి సగటు వానలో ఇది సగం కూడా కాదు. అందుకే ఆ ముక్కల మీద ఉంటున్న చాలామంది ట్రక్కులో నీళ్ళు తెచ్చి తొట్లు నింపుకుంటున్నారు. ఆపద వచ్చిన నాడు పెట్రోలు లేకపోతే ఆ తొట్టి ఎవరు నింపుతారు?

అదే కౌంటీలో స్వయం సమృద్ధిగా బతికిన ఊళ్ళూ ఉన్నాయి. కౌంటీ కేంద్రమైన సాన్ లూయిస్ 1851లో వెలిసింది, కొలరాడోలో అదే అన్నిటికంటే పాత ఊరు. ఆ మరుసటి ఏడే ఊరివాళ్ళు తవ్వుకున్న పీపుల్స్ డిచ్ కాలువది రాష్ట్రంలో మొదటి నంబరు నీటి హక్కు, ఇప్పటికీ అందులో నీళ్ళు పారుతున్నాయి. ఇలాంటి ఉమ్మడి కాలువలను అక్కడ ఆసేకియా అంటారు. కాలువ పూడిక అందరూ కలిసి తీస్తారు, ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో మయోర్డోమో అనే మనిషి చూస్తాడు. మా రాయలసీమ చెరువుల కింద నీరుగంటి చేసిన పని అదే. నూట డెబ్బై ఏళ్ళుగా అక్కడ చిక్కుడు, మొక్కజొన్న, పశువులు నిలిచాయంటే దానికి ఆధారం ఆ కాలువ, దాన్ని కాచుకున్న ఊరు. ఇప్పుడు అమ్ముతున్న ముక్కల్లో అధిక భాగం ఆ కాలువలకు దూరంగా, సేజ్ అనే మెట్ట పొదల మధ్య, 1970ల ప్రాంతంలో కాగితం మీద గీతలు గీసి దేశమంతటా అమ్మినవి. కొన్నవాళ్ళలో చాలామంది ఆ నేల చూడనైనా లేదు.

మిగతా విషయాలు క్లుప్తంగా. నేల ఎత్తు ఏడున్నర వేల నుంచి ఎనిమిది వేల అడుగులు. మొక్కలను చంపే మంచు పడని కాలం మూడు నెలలకు అటూ ఇటూ. చలికాలంలో మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దాకా దిగే రాత్రులుంటాయి. ఎండ మాత్రం పుష్కలం, సోలార్‌కు ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. పెద్ద ఆస్పత్రి పక్క కౌంటీలోని అలమోసాలో. 2018లో ఫోర్ట్ గార్లండ్ దగ్గర అంటుకున్న స్ప్రింగ్ క్రీక్ మంట లక్షా ఎనిమిది వేల ఎకరాలు కాల్చింది. జనాభా 2020 లెక్కల్లో 3,499. అంత పలచని జనంలో ఇరుగుపొరుగు సాయం లేకుండా ఒక్క చలికాలం కూడా గడవదు.

ఆ ఇరుగుపొరుగు ఎవరో తెలుసుకోకుండా వెళ్ళడం కూడా తప్పే. అక్కడివాళ్ళ తాతముత్తాతలకు ఊరి పక్క కొండ మీద పశువులు మేపుకునే, కట్టెలు తెచ్చుకునే హక్కులు పాత దస్తావేజులో రాసిచ్చారు. 1960లో జాక్ టేలర్ అనే కలప వ్యాపారి ఆ కొండను, సుమారు 77 వేల ఎకరాలు, కొని కంచె వేశాడు. ఊరివాళ్ళు కోర్టుల చుట్టూ దశాబ్దాలు తిరిగారు. 2002లో కొలరాడో సుప్రీంకోర్టు మేతకు, కట్టెలకు, కలపకు వాళ్ళ హక్కు వాళ్ళదేనని తీర్పిచ్చింది. బయటివాడు వచ్చి కంచె వేస్తే ఏమవుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్తగా వెళ్ళే మనం ఆ కష్టాన్ని గౌరవించాలి.

ఇంకొకటి. హెచ్-1బి వీసా మీద ఉన్న పిల్లలు అమెరికాలో భూమి కొనవచ్చు కానీ, భూమి ఉన్నంత మాత్రాన ఇక్కడ ఉండే హక్కు రాదు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి సాధారణంగా చేతిలో మిగిలేది అరవై రోజులే. ఆపదకు అక్కరకొస్తుందని కొన్న ఆ ఐదెకరాలు సరిగ్గా ఆ ఆపదలోనే వాళ్ళకు అక్కరకు రావు. ఊళ్ళో పొలం అమ్మి పిల్లలకు డబ్బు పంపే తల్లిదండ్రులు మీ పత్రిక చదువుతారు, వాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

కనుక మీకు నా విన్నపం. విదేశీ భూముల ప్రకటనలు తీసుకునేటప్పుడు మూడు విషయాలు అడిగి ప్రకటనలోనే వేయించండి: ఒకటి, ఆ ముక్కకు బోరు అనుమతి వస్తుందా, వస్తే ఏ వాడకానికి; రెండు, అక్కడికి చట్టబద్ధమైన దారి ఉందా; మూడు, సెప్టిక్ ట్యాంకు లేకుండా అక్కడ నివాసం ఉండనిస్తారా. బోరు పర్మిట్ల వివరాలు కొలరాడో జలవనరుల విభాగం దగ్గర ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అమ్మేవాళ్ళకు అది ఒక్క పూట పని. ఆ మాత్రం చేయనివాళ్ళ ప్రకటన దయచేసి వేయకండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
అరోరా, కొలరాడో