ఖాళీ గదిలో ఒక్కసారి కొలిపించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను చిన్న తరగతులకు పాఠాలు చెప్పే టీచర్ని. తరగతి గదుల్లో స్పీకర్లు బిగించి పిల్లలకు తెలివి పెంచే సంగీతం వినిపిద్దామని సలహా ఇచ్చేవాళ్లు మీ దగ్గరికి వస్తూనే ఉంటారు. అలాంటి ఫైలు మీద సంతకం పెట్టేముందు ఇది చదవండి.

ఈమధ్య ఒకరోజు డిక్టేషన్ చెప్పాను. నేను 'కల' అంటే చివరి వరుసలో ఒకడు 'తల' అని రాశాడు. 'తాడు' అంటే 'పాడు' అని రాశాడు. పరాకు అనుకుని కసిరాను కూడా. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి, వాడి చోట నేను కూర్చుని ఇంకో టీచర్ చేత అవే మాటలు చెప్పించుకున్నాను. నెత్తిమీద ఫ్యాను కటకటలాడుతోంది, కిటికీలోంచి రోడ్డు మీది రొద. నాకు చేరింది అచ్చులే. అచ్చుల్లో బలం ఉంటుంది, సాగుతాయి. క, త, ప లాంటి హల్లులు క్షణంలో పుట్టి పోతాయి, చప్పుడు ముందుగా మింగేది వాటినే. పోయిన అక్షరాన్ని సందర్భాన్ని బట్టి పెద్దవాళ్లం పూరించుకుంటాం, పూరించుకున్నామని మనకే తెలియదు. ఆ మాటే కొత్తయిన పిల్లవాడు దేంతో పూరిస్తాడు?

వాణ్ణి ముందుకు కూర్చోబెడితే తప్పులు తగ్గాయి. అందరినీ ముందు వరుసలో కూర్చోబెట్టలేను కదా!

ఇది నా ఒక్క గది గొడవ కాదు. న్యూయార్క్‌లో ఒక బడి పక్కనే ఎత్తు వంతెన మీద రైలు పట్టాలుండేవి. నాలుగున్నర నిమిషాలకో రైలు, వెళ్లేదాకా పాఠం ఆగిపోవడం. పట్టాల వైపు గదుల్లో చదివిన ఆరో తరగతి పిల్లలు, అదే బడిలో అవతలి వైపు పిల్లలకంటే చదవడంలో దాదాపు ఏడాది వెనకబడ్డారని ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో చూపించారు. పట్టాల కింద రబ్బరు మెత్తలు వేసి, గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చే పలకలు వేశాక ఆ తేడా పోయింది. సిలబస్ మార్చలేదు, పిల్లలకు కొత్త శిక్షణా ఇవ్వలేదు.

ఇక సంగీతం సంగతి. 1993లో ఒక పరిశోధనలో, పాశ్చాత్య సంగీతకారుడు మోజార్ట్ సంగీతం పది నిమిషాలు విన్న కాలేజీ విద్యార్థులు, ఆకారాలను మనసులో తిప్పి చూసే పరీక్షలో కాస్త మెరుగయ్యారు. ఆ మెరుగు పదీ పదిహేను నిమిషాలే నిలిచింది. పసిపిల్లల మాటే ఆ పరిశోధనలో లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్, పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం క్యాసెట్టో సీడీయో ఇవ్వడానికి 1,05,000 డాలర్లు అడిగారు. నచ్చిన పాట వింటే హుషారొస్తుంది, ఆ హుషారుతో కాసేపు పని బాగా సాగుతుంది. అందులో ఉన్నది అంతే. పాఠం చెబుతుండగా వెనక నడిచే పాట, ఎంత మంచిదైనా, పిల్లవాడికి ఇంకో చప్పుడు.

పైగా ఆ స్పీకర్ల వాల్యూమ్ ఎవరి చేతిలో ఉంటుంది? లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే వెంట్రుక కణాలు ఒక్కో చెవికి సుమారు 15,000. పక్షులకు అవి పోయినా మళ్లీ వస్తాయి, మనుషులకు రావు. పని చేసే చోట 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు ఎనిమిది గంటల వరకే ఉండొచ్చని ఒక లెక్క. అక్కణ్ణుంచి మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట. మామూలు తరగతి గది రొదకు చెవుడు రాదు, ఒప్పుకుంటాను. కానీ అందులో టీచర్ గొంతు ఊరుకోదు. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతామని ఎతియెన్ లొంబార్డ్ అనే డాక్టరు 1911లోనే చెప్పారు. రోజంతా అలా అరిస్తే స్వరతంత్రులు ఒరుసుకుని కాయలు కాస్తాయి. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోతుంది. ఇంటికెళ్లి సైగలతో మాట్లాడిన రోజులున్నాయి!

పాఠం జరిగే వేళ తరగతి గదిలో వెనక నడిచే చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నేను అడిగేది మూడే. స్పీకర్లు కొనేముందు ప్రతి బడిలో ఖాళీ గదిని, ఫ్యాను వేసి, చప్పుడును కొలిచే మీటరుతో కొలిపించండి. వచ్చిన అంకెను గది తలుపు మీద రాయించండి. 35 దాటిన గదులకు ఆ స్పీకర్ల డబ్బుతో ఫ్యాన్లు బాగుచేయించి, పైకప్పుకు పలకలు వేయించండి. కొలిచేవాళ్లను మాత్రం చివరి వరుసలో కూర్చోమనండి.

ఇట్లు,
ఒక టీచర్